గ్రీన్ ఫీజు 944 రూపాయలు

రిసార్టు బిల్లులో నాలుగో లైను అది. గ్రీన్ ఫీజు, రోజుకు 400 చొప్పున రెండు రోజులు. దానిమీద 18 శాతం జీఎస్టీ. వెరసి 944 రూపాయలు. అండమాన్ ట్రిప్పుకి లక్షా పద్దెనిమిది వేలు పెట్టినవాడివి, ఈ 944 దగ్గర లబోదిబోమంటావేంటని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతోంది. నాకు మాత్రం మింగుడుపడలేదు.

వెళ్లింది నలుగురం. నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే మా పాప, అమ్మ. ఫిబ్రవరిలో వైజాగ్ నుంచి చెన్నై మీదుగా పోర్ట్‌బ్లెయిర్ చేరాం. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం, ఆటోవాళ్లు మాత్రం పాత పేరే అంటున్నారు. అక్కడ తెలుగుకి కొదవలేదు. మా ఆటో అబ్బాయిది సోంపేట దగ్గర పల్లె. హేవ్‌లాక్ దీవికి వెళ్తున్నామంటే, "మళ్లీ వానలు పడేదాకా అక్కడ నీళ్లకి కటకటే బాబూ" అన్నాడు. ఏడాదికి మూడు మీటర్ల వాన పడే చోట నీటి కరువేంటని నేను పట్టించుకోలేదు.

హేవ్‌లాక్ అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్. ప్రైవేటు బోటు మనిషికి 1,450, గంటన్నర ప్రయాణం. రిసార్టు కాటేజీ రోజుకు 9,800, పన్ను అదనం. పేరులోనే ఎకో ఉంది. గేటు వెదురుది, స్ట్రాలు కాగితంవి, గది తాళానికి కొబ్బరిచిప్ప బిళ్ల. మంచం మీద ఆకు బొమ్మ వేసిన కార్డు పెట్టారు: తువ్వాళ్లు మళ్లీ వాడండి, సముద్రాన్ని కాపాడండి. మేం బుద్ధిగా తువ్వాళ్లు దండెం మీద ఆరేసి బయటికెళ్లాం. తిరిగొచ్చేసరికి నాలుగూ తీసేసి కొత్తవి మడతపెట్టి ఉన్నాయి, మీద అదే కార్డు.

బాత్రూంలో ఇంత పొడుగు తొట్టి. అమ్మది కనిగిరి వైపు ఊరు. చిన్నప్పుడు మంచినీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసలో పెట్టి కూర్చున్న మనిషి. ఆ తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది నిండాలంటే పదిహేను బిందెలకి తక్కువ పట్టవురా" అంది. రెండు రోజులూ దాని పక్కన నిలబడి మగ్గుతోనే పోసుకుంది. పాప ఒకసారి నింపుకుంది. నానమ్మ ఆ పూటంతా దానితో మాట్లాడలేదు.

రెండో రోజు తెల్లవారుజామున ఐదింటికి డబడబమని చప్పుడుకి మెలకువ వచ్చింది. కాటేజీ వెనక్కి వెళ్లి చూస్తే మొగలిపొదల చాటున ట్యాంకరు, దాని గొట్టం సంపులోకి వేసి ఉంది. మూతి దగ్గర గుడ్డ చుట్టినా నీళ్లు కారిపోయి ఇసుక మీద పెద్ద మడుగు. దీవి మీద ఊరివాళ్లు వాడుకునే నీళ్లవి. పక్కన జనరేటరు. దీన్ని నేను పెద్ద తప్పనను, ఈ దీవుల్లో సర్కారు కరెంటు కూడా ఎక్కువగా డీజిల్‌తో పుట్టేదే. కానీ ఆ పక్క గుంతలో చెత్త తగలబెడుతున్నారు. రోజుకు గదికి నాలుగు చొప్పున ఉచితంగా ఇచ్చిన అరలీటరు ప్లాస్టిక్ సీసాలు అందులో ముడుచుకుపోతున్నాయి. మేనేజర్ని అడిగితే ఎండుటాకులే సార్ అన్నాడు. ఆయన అలా అంటుండగానే అంచులు మాడిన చిప్స్ ప్యాకెట్ ముక్క ఒకటి గాలికి లేచి మా వరండా మెట్టు మీద వాలింది. ఇద్దరం దాన్నే చూశాం.

మంచీ చెప్పాలి. రాత్రి సముద్రం వైపు లైట్లన్నీ ఆర్పేశారు. తాబేలు పిల్లలు గుడ్లలోంచి రాగానే వెలుతురు ఉన్నవైపు పాకుతాయనీ, మన బల్బు చూసి నీళ్లకి బదులు రోడ్డెక్కుతాయనీ వడ్డించే కుర్రాడు పాపకి ఓపిగ్గా చెప్పాడు. ఆ కుర్రాడి జీతంలోకి వెళ్తుందంటే 944 సంతోషంగా ఇచ్చేవాణ్ని.

బిల్లు కట్టేటప్పుడు ఈ ఫీజు దేనికని అడిగాను. పాలసీ సార్ అన్నారు. పాలసీ సరే, డబ్బు దేనికి ఖర్చు పెడతారంటే లోపలికెళ్లి వచ్చి, మా తరఫున బహుమతి అంటూ వెదురు టూత్‌బ్రష్ చేతిలో పెట్టారు. దానికి ప్లాస్టిక్ తొడుగు!

రాధానగర్ బీచ్ బాగుంది. శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చింది దానికి, శుభ్రంగానే ఉంచారు. ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్, అంటే నోట్లో గొట్టం పెట్టుకుని తేలుతూ నీటి అడుగు చూడ్డం, మనిషికి 1,200. మా గైడు పగడాల మీద కాలు ఆనిస్తే ఊరుకోలేదు, పక్క బృందంవాళ్లు మాత్రం వాటి మీద నిలబడి సెల్ఫీలు. 2010లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు చాలాచోట్ల తెల్లబారి చచ్చిపోయాయి. మిగిలినవాటి మీద ఇప్పుడు మన కాళ్లు.

నీల్ దీవిలో, అంటే షహీద్ ద్వీప్‌లో, ఒక బెంగాలీ కుటుంబం ఇంట్లో దిగాం. గది 2,200. గేటు మీద ఎకో అన్న మాట లేదు. రేకుల కప్పు అంచున పొడవునా గొట్టం, దాని కొసన సిమెంటు తొట్టి, మూతికి దోమతెర. వర్షాకాలంలో నిండిన ఆ నీళ్లే వేసవిదాకా వంటకీ తాగడానికీ. కాచి, వడకట్టి, స్టీలు జగ్గులో పోసిచ్చింది ఇంటావిడ. స్నానానికి తలా ఒక బకెట్టు, అంతే. చేప పొట్టూ కూరగాయల తొక్కలూ అరటి పాదుల్లోకి పోతాయి, ప్లాస్టిక్ మాత్రం విడిగా గోనెసంచిలో కడతారు. అండమాన్‌కి కూరగాయలు పండించే దీవి ఇది, మాకు వండిన వంకాయలు ఆ పెరటివే. ఆవ పెట్టిన చేపల కూరతో భోజనం 250. రాత్రి మళ్లీ అదే కావాలని అడిగి వండించుకున్నాం. అమ్మకి బెంగాలీ రాదు, ఆవిడకి తెలుగు రాదు, అయినా తొట్టి దగ్గర ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

లోపాలు లేవని కాదు. పరుపు పలచన, వైఫై లేదు, బాత్రూంలో కప్ప. కప్పని చూసి మా ఆవిడ పెట్టిన మూడు కేకలు దీవి చివరిదాకా వినబడి ఉంటాయి. ఏసీ లేకుండా పడుకోలేనివాళ్లు ఇటు రాకండి.

రిసార్టు బుక్ చేసేముందు ఫోన్ చేసి నీళ్లు ఎక్కణ్నుంచి తెస్తారో, చెత్త ఎటు పోతుందో అడగండి. తడుముకుంటే ఇంకోటి చూసుకోండి. పిల్లల బ్యాగులు మాత్రం బయల్దేరే ముందు మీరే వెతకండి. పాప దాచుకున్న వేలెడంత పగడపు ముక్క గదిలోనే బయటపడింది కాబట్టి సరిపోయింది. వన్యప్రాణి రక్షణ చట్టంలో పగడానికీ పులికీ ఒకటే షెడ్యూలు, అంటే ఒకటే జాబితా, ఎయిర్‌పోర్టులో దొరికితే కథ వేరేలా ఉండేది.

ఆ వెదురు బ్రష్‌తో ఎవరూ పళ్లు తోముకోలేదు. పోయిన శుక్రవారం చూస్తే, అమ్మ దాంతో దీపపు కుందుల మూలల్లో చమురు జిడ్డు గీకుతోంది. "బాగా పోతోందిరా, ఎంతకి కొన్నావ్?" అంది.

చెప్పాను.