అంబాసిడర్‌కి హైవేలో ఊపిరి కావాలంటే: 5 గేర్ల బాక్సా, క్రౌన్ పినియన్ మార్చడమా?

ముందే చెప్పేస్తున్నా, నా ఓటు గేర్ బాక్స్‌కే. కాకపోతే ఆ ఓటు వేసేలోపు నేను తప్పు వైపు ఒకసారి డబ్బులు పోసి వచ్చాను కాబట్టి రెండో దారి గురించి కూడా గట్టిగానే మాట్లాడగలను.

మాది 1978 మార్క్ 3 అంబాసిడర్. 1489 సీసీ పెట్రోల్, స్టీరింగ్ కిందే గేర్ రాడ్, ఉన్నవి నాలుగే గేర్లు. మహబూబ్‌నగర్ ఊళ్ళో తిప్పినంతసేపు దానికేం తక్కువ లేదు, ముగ్గురు ముందు నలుగురు వెనక కూర్చున్నా రెండో గేర్‌లో ఎద్దులా గుంజుతుంది. జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే ఎక్కి కొత్తకోట వైపు తిరిగామా, 80 దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ మొత్తుకోవడం మొదలుపెడుతుంది. వెనక సీట్లోంచి అమ్మ ఏదో అడుగుతుంది, నేను "ఆఁ?" అంటాను, ఆమె విసుక్కుని ఊరుకుంటుంది. చెయ్యేమో అలవాటుగా ఇంకో గేర్ కోసం రాడ్ మీదికి పోతుంది, అక్కడ ఇంకో గేర్ లేదు.

ఈ రొదకి మందు రెండే చోట్ల ఉంది. వెనక యాక్సిల్ హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ (ఇంజన్ తిరుగుడుని చక్రాలకి అందించే పళ్ళ జోడీ: చిన్నది పినియన్, పెద్దది క్రౌన్) మార్చి చక్రం తిరిగే ప్రతి చుట్టుకీ ఇంజన్ తిరిగేది తగ్గించొచ్చు, లేదా హౌసింగ్‌ని ముట్టుకోకుండా ముందు అయిదో గేర్ ఉన్న బాక్స్ పెట్టుకోవచ్చు. పాత బళ్ళ వాళ్ళు కూర్చుని చాయ్ తాగేచోట ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. హైవే మీద చూస్తే నిజంగా ఒకటే, ఘాట్‌లో చూస్తే మాత్రం ఒకటి మేక, ఒకటి పులి.

లెక్కకి ముందు మీ బండిలో అసలు ఏ పళ్ళు ఉన్నాయో తెలుసుకోవాలి, ఎందుకంటే 40 ఏళ్ళ బండిలో ఎవరు ఏ హౌసింగ్ పెట్టారో దేవుడికే తెలియాలి. విప్పనక్కర్లేదు. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ తీసేసి, వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి కింద స్టాండ్ పెట్టండి. గేర్ బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి పోయే పొడుగు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద చాక్‌పీస్‌తో ఒక గీత, టైరు మీద ఒక గీత. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, ఆ లోపు ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగిందో ఒకరు కింద వంగి లెక్కపెట్టాలి. రెండు చుట్లు ఎందుకంటే అవతలి చక్రం నేల మీద కదలకుండా ఉంది, రెండు చక్రాలకీ తిరుగుడు పంచే డిఫరెన్షియల్ తిరుగుడంతా లేపిన చక్రానికే పోయి అది రెట్టింపు తిరుగుతుంది. మాకు ప్రొపెల్లర్ అయిదు చుట్లకి కొంచెం తక్కువ తిరిగింది, అంటే పినియన్‌కి 8 పళ్ళు, క్రౌన్‌కి 39, భాగిస్తే 4.875. ఈ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కుటుంబం యాక్సిల్స్‌లో 9–41, 10–43, 11–43 జోడీలు కూడా ఉన్నాయి, అవి వరసగా 4.56, 4.3, 3.91. అంకె తగ్గేకొద్దీ హైవేలో ఇంజన్‌కి హాయి, ఎక్కుడులో కష్టం.

టైరు కూడా కొలవండి. గాలి సరిగ్గా కొట్టించి, టైరు మీద గీత నేలకి ఆనిన చోట ఒక మార్కు పెట్టి, బండిని ఒక్క చుట్టు తోసి మళ్ళీ మార్కు పెడితే, మా బండికి టేపు మీద ఒక మీటరు 99 సెంటీమీటర్లు వచ్చింది. లెక్క తేలిగ్గా ఉండాలని 2 మీటర్లు అనుకుందాం. గంటకి 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1,333 మీటర్లు, చక్రం 667 చుట్లు తిరగాలి. నాలుగో గేర్‌లో ఇంజనూ ప్రొపెల్లరూ ఒకే చుట్లు తిరుగుతాయి కాబట్టి, దాన్ని 4.875తో గుణిస్తే ఇంజన్ 3,250 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు. ఈ ఇంజన్‌లో పిస్టన్ స్ట్రోక్ 88.9 మిల్లీమీటర్లు, అంటే 80 మీద పోతుంటే ప్రతి పిస్టన్ నిమిషానికి దాదాపు 578 మీటర్లు పైకీ కిందికీ పరిగెడుతోంది. పొడుగు స్ట్రోక్ ఇంజన్‌ని అలా గంటలకొద్దీ తిప్పితే మొత్తుకోక ఏం చేస్తుంది పాపం.

ఇప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని. స్క్రాప్‌లో 9–41 క్రౌన్ పినియన్ దొరికింది, పళ్ళు బాగున్నాయి, "ఇది ఎయ్యి సారూ, బండి గాలిలో తేల్తది" అన్నారు. వేశాం. 80 దగ్గర 3,250 కాస్తా 3,037కి వచ్చింది. నూటికి ఆరున్నర వంతు! చెవికి తేడా తెలియనే లేదు, అమ్మ ఇంకా అరిచే అడుగుతోంది. దానికి తోడు స్పీడోమీటర్ అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. మీటర్ కేబుల్ గేర్ బాక్స్ వెనక నుంచి వస్తుంది, అది ప్రొపెల్లర్ తిరుగుడునే చదువుతుంది, ప్రొపెల్లర్ ఇప్పుడు అదే దూరానికి తక్కువ తిరుగుతోంది, కాబట్టి నిజంగా 80 పోతుంటే ముల్లు 75 దగ్గర నిలబడేది. ఎక్కువ చూపిస్తే పర్వాలేదు, తక్కువ చూపిస్తే చలాన్ ఇంటికొస్తుంది. పైగా క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య ప్లే సరిగ్గా పెట్టకపోవడంతో 50 దగ్గర ఒక ఊళ మొదలైంది, షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) మార్చి మళ్ళీ కూర్చోబెట్టేదాకా మూడుసార్లు విప్పాం.

"9–41 చాలకపోతే 11–43కి పోదాం" అని అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. కాగితం మీద చూస్తే భలే ఉంది: 80 దగ్గర నాలుగో గేర్‌లోనే 2,606. సరిగ్గా ఇక్కడే ఆగి, మొదటి గేర్ వైపు చూశాను. హౌసింగ్‌లో అంకె 4.875 నుంచి 3.909కి పడిందంటే ఒక్క నాలుగో గేర్‌లోనే కాదు, మొదటి గేర్‌లో, రెండో దాంట్లో, రివర్స్‌లో కూడా చక్రం దగ్గర గుంజుడు అయిదో వంతు పోతుంది. మేం ఏటా శ్రీశైలం పోతాం. మన్ననూరు నుంచి ఈగలపెంట దాకా అడవి దారి ఒకలా ఉంటుంది గానీ, తిరుగు ప్రయాణంలో డ్యామ్ కింద వంతెన దాటి మన వైపు ఎక్కేటప్పుడు ఆ మలుపుల్లో ముందు బస్సు ఆగితే మనమూ ఆగి, మళ్ళీ ఎక్కుడు మీదే కదలాలి. ఇప్పుడున్న పళ్ళతోనే నిండు బండికి అక్కడ సగం క్లచ్ తొక్కిపెట్టాల్సి వస్తుంది. ఆ గుంజుడులో అయిదో వంతు తీసేస్తే క్లచ్ ప్లేట్ కాలిన వాసనతో అడవంతా గుబాళిస్తుంది. జడ్చర్లలో మా బండి చూసే ముసలి చాచా ఒక్క మాటలో తేల్చేశాడు: "రోడ్డు మీద ఉరుకుడు కోసం ఘాట్ల నడుము ఇరగ్గొట్టుకుంటవా బేటా?"

అందుకని 8–39ని తిరిగి దాని చోట దాన్ని పెట్టి, 5 గేర్ల బాక్స్ వెతికాను. మన దగ్గర ఎక్కువమంది చూసేది హిందుస్తాన్ మోటార్స్ కాంటెస్సా కారు వైపో, తర్వాత వచ్చిన 1800 ఇసుజు అంబాసిడర్ వైపో. ఏది తెచ్చినా అమ్మేవాడి మాట నమ్మకండి, బాక్స్‌ని బల్ల మీద పెట్టి అయిదో గేర్ వేసి చేత్తో తిప్పి చూడండి. నేను తెచ్చిన దాంట్లో ముందు షాఫ్ట్ 8 చుట్లు తిప్పితే వెనకది దాదాపు 10 తిరిగింది, అంటే 0.8. ఇక గుణించుకోండి: 4.875 ఇంటూ 0.8 అంటే 3.9. అక్షరాలా ఆ 11–43 ఇచ్చేదే! 80 దగ్గర 2,600, పిస్టన్ నిమిషానికి 462 మీటర్లు. కానీ 4.875 వెనక అలాగే ఉంది కాబట్టి ఘాట్‌లో కింది గేర్లు తమ బలం పోగొట్టుకోలేదు. నన్ను ఒప్పించింది ఈ ఒక్క లెక్కే, మిగతాదంతా ఖర్చు, చెమట.

ఖర్చూ చెమటా తక్కువేం కాదు, అది దాచను. బెల్ హౌసింగ్ (గేర్ బాక్స్‌ని ఇంజన్‌కి బిగించే గంట ఆకారపు కవచం) కలవదు, మధ్యలో లేత్ మీద ప్లేట్ చేయించాలి. ఆ ప్లేట్ సెంటర్ వెంట్రుకవాసి తప్పినా ముందు బేరింగ్ తినేస్తుంది. క్లచ్ ప్లేట్ మధ్యలో పళ్ళు కొత్త షాఫ్ట్‌కి సరిపోవాలి, వెనక మౌంటింగ్ జరపాలి, ఫ్లోర్ కోయాలి. గేర్ రాడ్ స్టీరింగ్ దగ్గర్నుంచి కిందికి వచ్చేసింది కాబట్టి ముందు సీట్లో మధ్యలో కూర్చునే మా చిన్నోడి సీటు పోయింది, వాడు నెల రోజులు నాతో మాట్లాడలేదు. క్రౌన్ పినియన్ పని దీని ముందు పిల్లాట, సెట్టింగ్ తెలిసిన చెయ్యి దొరికితే ఒక్క రోజులో అయిపోతుంది. చౌక కావాలనుకునేవాళ్ళు అటు ఎందుకు పోతారో నాకు అర్థమవుతుంది.

ప్రొపెల్లర్ గురించి మాత్రం కాసేపు చెప్పాలి. కొత్త బాక్స్ పొడుగు వేరు కాబట్టి షాఫ్ట్ కోసి అతికించారు. 70 దాటగానే సీటు కింద నుంచి జలదరింపు, అద్దంలో వెనక లారీ రెండుగా కనిపించేది. ఇంజన్ మౌంటింగ్ అన్నారు, టైర్ల బ్యాలెన్సింగ్ అన్నారు, రెండూ చేయించాను. చివరికి ఒక ఆదివారం ఇంటి ముందు షాఫ్ట్ విప్పి రెండు ఇటుకల మీద పెట్టి ఒక కొస నుంచి కన్ను ఆనించి చూశాను. ఈ కొసన క్రాస్ (షాఫ్ట్‌ని వంగనిచ్చే కీలు) పట్టుకునే చెవులు నిటారుగా ఉన్నాయి, ఆ కొసన చెవులు గడియారంలో 5 నిమిషాలంత పక్కకి ఒరిగి ఉన్నాయి. రెండు కొసల చెవులూ ఒకే వరసలో ఉండాలి, అప్పుడే ఒక క్రాస్ పుట్టించే ఎగుడుదిగుడుని రెండోది సరిచేస్తుంది. వెల్డింగ్ చేసినాయన కోసే ముందు గీత పెట్టుకోలేదు, అంతే. మళ్ళీ కోసి, వరస చూసి అతికించి, బ్యాలెన్స్ చేయించాక జలదరింపు మాయం. మీరు చేయిస్తుంటే కోసే ముందు షాఫ్ట్ నిడివంతా ఒక సుద్ద గీత మీరే గీసి ఇవ్వండి.

రెండూ కలిపి చేస్తే? అంటే 9–41 హౌసింగ్, ముందు 5 గేర్ల బాక్స్. 80 దగ్గర 2,430 వస్తుంది, వినడానికి బాగానే ఉంది. మిర్యాలగూడలో రైస్ మిల్లు దగ్గర మా బావకి 1800 ఇసుజు ఉంది, దానికి పుట్టుకతోనే 5 గేర్లు. "నీదేంది బావా, నాది అయిదో గేర్ల వాడపల్లి దాకా నిద్రవోతది" అంటాడు. అలాంటి ఇంజన్‌కి ఇంకాస్త పొడుగు గేర్ ఇచ్చినా మోస్తుంది. మా 1489కి మాత్రం నేను వద్దంటాను. ఇప్పుడున్న జోడీతోనే అయిదో గేర్‌లో 60 దగ్గర 1,950 తిరుగుతోంది, అంతకన్నా దింపితే ఎదురుగాలికీ, ఫ్లైఓవర్ ఎక్కుడుకీ ముక్కుతూ మాటిమాటికీ నాలుగుకి దించమంటుంది. అస్తమానం దించాల్సిన అయిదో గేర్ ఎందుకు? 11–43 మీద 0.8 అయితే 80కి 2,085, అది ఈ ఇంజన్‌కి గేర్ కాదు, శిక్ష.

అమెరికాలో పెద్ద వీ8 బళ్ళ వాళ్ళు చెప్పే కొలత ఒకటుంది: మొదటి గేర్ అంకెని వెనక అంకెతో గుణిస్తే 10 దగ్గర రావాలని. ఆ ఇంజన్లకి అది సరే, మన పావుబలం ఇంజన్‌కి ఆ 10 పట్టుకుని పోతే ఇంటి ర్యాంపే ఎక్కదు. ఇంగ్లండులో ఎంజీబీలకి, ట్రయంఫ్‌లకి గేర్ బాక్స్ వెనక లేకాక్ ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ చుట్లు తగ్గించే అదనపు గేర్) వచ్చేది, స్విచ్ నొక్కితే చాలు, క్లచ్ కూడా తొక్కక్కర్లేదు. చూస్తే ఆశ పుడుతుంది, కానీ దాన్ని కరెంటుతో నడిపే సొలినాయిడ్ పోతే మన దగ్గర ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?

మైలేజ్ మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. నాలుగో గేర్ బాక్స్‌లోంచి నేరుగా పోతుంది, అయిదోది పళ్ళ మీదుగా తిరిగి పోతుంది, అక్కడ కొంచెం బలం వృథా. మిగిలేది ప్రధానంగా చెవి, ఇంజన్ ఆయుష్షు. ఊరూ మండలం మధ్యే తిరిగే బండైతే రెండూ వద్దు, ఆ డబ్బుతో బ్రేకులు చేయించుకోండి. ఎక్కుడే లేని దారిలో ఇద్దరే పోయే బండికి క్రౌన్ పినియన్ ఒక్కటే చాలు, కానీ 9–41తో ఆగితే నాలాగే నిరాశపడతారు. నిండు బండితో హైవే, ఘాట్ రెండూ కావాలంటే 8–39ని ముట్టుకోకుండా 5 గేర్లు.

ఆ 9–41 జోడీ ఇంకా మా షెడ్డులో గ్రీజు పూసి గోనె సంచిలో ఉంది. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే చెప్పండి, ముందు మీ పళ్ళు లెక్కపెట్టుకుని రండి.