అద్దె ఇంటికి స్మార్ట్ లాక్ కొంటున్నారా? మాస్టర్ అకౌంట్ ఎవరి నంబరు మీద ఉందో ముందు చూసుకోండి

విశాఖలో ఫ్లాట్ అద్దెకిచ్చి, నాలాగా దూరంగా ఉండే యజమానులు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి.

లాసన్స్ బే కాలనీలోని మా ఫ్లాట్ తాళంచెవుల కోసం ప్రతిసారీ గాజువాక నుంచి వెళ్లే శ్రమ తప్పుతుందని, గత ఏడాది వేలిముద్రతో తెరుచుకునే తాళం పెట్టించాను. బిగించడానికి వచ్చిన కుర్రాడు నా ఫోన్‌కు ఓటీపీ రావడం లేదని తన నంబరుతోనే మాస్టర్ అకౌంట్ (తాళం మీద పూర్తి అధికారం ఉండే ఖాతా) తెరిచి, నన్ను అందులో సభ్యుడిగా చేర్చి వెళ్లాడు. యాప్‌లో తలుపు తెరవగలుగుతున్నాను, కోడ్‌లు ఇవ్వగలుగుతున్నాను కనుక తాళం నా అధీనంలోనే ఉందనుకున్నాను.

పాత అద్దెదారులు ఖాళీ చేసిన రోజే వారి కోడ్ తొలగించాను. అయితే ఆ మోడల్‌లో వేలిముద్రలు తాళం లోపలి మెమరీలో ఉంటాయని, వాటిని మాస్టర్ మాత్రమే చెరపగలడని నాకు తెలియదు. కొత్తవారు దిగిన పది రోజులకు పాత అద్దెదారు అటక మీద మరిచిన సామాను కోసం వచ్చారు. బెల్ కొట్టినా ఎవరూ పలకకపోవడంతో ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందనుకుని వేలు పెట్టారు, తలుపు తెరుచుకుంది. లోపల ఆ ఇంటి ఆవిడ పసిబిడ్డను నిద్రపుచ్చుతూ ఒంటరిగా ఉన్నారు. ఆయన దురుద్దేశంతో రాలేదు, వెంటనే క్షమాపణ చెప్పి వెళ్లిపోయారు. కానీ ఆవిడ పడిన భయానికి బాధ్యుడిని నేనే.

మాస్టర్‌ను మార్చాలంటే పాత నంబరుకు వచ్చే ఓటీపీ కావాలని కంపెనీ వారంటున్నారు. ఆ కుర్రాడు పని మానేశాడు, నంబరు పలకడం లేదు. దుకాణం వారు కంపెనీని అడగమంటున్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను.

సముద్రానికి దగ్గరగా ఉన్నవారికి మరో మాట. పెట్టె మీది ఐపీ65 అన్న గుర్తు చూసి నేను ధైర్యపడ్డాను. అది దుమ్ము నుంచి, నీటి ధార నుంచి రక్షణను మాత్రమే చెబుతుంది. ఉప్పుగాలికి తట్టుకుంటుందా అన్నది సాల్ట్ స్ప్రే పరీక్షలో తేలుతుంది, కనుక ఆ పరీక్ష సంగతి విడిగా అడగండి. లోపలి బ్యాటరీలు అయిపోతే బయట 9 వోల్టుల బ్యాటరీ ఆనించే రెండు బొడిపెలకు మా ఇంట్లో ఏడాది తిరగకుండానే చిలుము పట్టింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేక మనం పడిన అవస్థ గుర్తుంచుకుని, మామూలు తాళంచెవితో కూడా తెరుచుకునే మోడల్ మాత్రమే కొనండి.

మీ నంబరుకే ఓటీపీ వచ్చి, మీ పేరునే మాస్టర్ అకౌంట్ తెరుచుకునేదాకా బిగించిన మనిషిని పంపవద్దు. అద్దెదారు ఖాళీ చేసే రోజున వేలిముద్రలు చెరిపి, వారి చేతనే వేలు పెట్టించి, తలుపు తెరుచుకోవడం లేదని చూశాకే అడ్వాన్స్ తిరిగి ఇవ్వండి. ఈ వ్యవహారం తేలేదాకా మా తలుపుకు మామూలు తాళం వేయించి, చెవులన్నీ కొత్తవారికే అప్పగించాను.