కాటా, ప్రీమియం, వాటా: ఘనా కోకో రైతుకు ఏది మేలు?

ఘనాలో కోకో గింజల ధరను ప్రభుత్వ సంస్థ కోకోబోడ్ నిర్ణయిస్తుంది. ప్రైవేటు కంపెనీకి అమ్మినా, రైతుల సంఘానికి అమ్మినా బస్తాకు అదే రేటు. మరి 1993లో అక్కడి రైతులు కువాపా కోకో అనే సొంత సహకార సంఘం ఎందుకు పెట్టుకున్నట్టు? ట్వి భాషలో ఆ మాటకు మంచి కోకో రైతు అని అర్థం.

జవాబు కాటాలో ఉంది. గింజలను అరటి ఆకుల్లో ఆరేడు రోజులు పులియబెట్టి, వెదురు చాపల మీద రోజూ తిరగేస్తూ ఎండబెట్టి తెచ్చిన బస్తాను కంపెనీ గుమాస్తా తన కాటాతో తూస్తే, రేటు ఎంత న్యాయంగా ఉన్నా తూకంలో పోయిన కిలో పోయినట్టే. కువాపాలో ప్రతి ఊరి సంఘమూ తూకం వేసే మనిషిని తానే ఎన్నుకుంటుంది. మోసం చేస్తే సాయంత్రం అదే వీధిలో తలెత్తుకుని నడవాలి కదా. నా దృష్టిలో సంఘంలో చేరడానికి ఈ ఒక్క కారణం చాలు. అయితే సీజన్‌లో సంఘం దగ్గర డబ్బు ఆడక చెల్లింపు ఆలస్యమైతే, బడి ఫీజు కట్టాల్సిన ఇల్లు నగదు చూపించిన ప్రైవేటు గుమాస్తా వైపే వెళ్తుంది. ఆ ఇంటిని తప్పుపట్టలేను.

ఫెయిర్‌ట్రేడ్ సంగతి వేరు. చిన్న రైతులకు న్యాయమైన ధర దక్కేలా షరతులు పెట్టి, వాటి ప్రకారం అమ్మిన సరుకుకు ముద్ర వేసే అంతర్జాతీయ ఏర్పాటు అది. 2019 అక్టోబరు నుంచి టన్నుకు 2,400 డాలర్ల కనీస ధర, దానిపైన 240 డాలర్ల ప్రీమియం, అంటే అదనపు సొమ్ము, అమల్లోకి వచ్చాయి. టన్నుకు 16 బస్తాలు కాబట్టి ప్రీమియం బస్తాకు 15 డాలర్లు. కానీ ఫెయిర్‌ట్రేడ్ షరతులతో అమ్ముడైన సరుకుకే అది వస్తుంది, మిగతాదానికి రాదు. పైగా ఆ సొమ్ము సంఘం ఉమ్మడి ఖాతాకు చేరుతుంది. బోరు వేయాలా, బడి కట్టాలా అన్నది సభ్యులే తేల్చుకోవాలి. 2024లో ప్రపంచ ధర 10,000 డాలర్లు దాటినప్పుడు ఆ కనీస ధరతో పని పడలేదు. దాని అవసరం ధర పడినప్పుడే తెలుస్తుంది. 2025లో కోకో ధర కోసం రోడ్డెక్కిన మన ఏలూరు జిల్లా రైతులకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక వాటా. 1998లో బ్రిటన్‌లో మొదలైన డివైన్ చాక్లెట్ కంపెనీలో కువాపాకు మూడో వంతు ఉండేది. 2006లో సౌందర్య సాధనాల కంపెనీ బాడీ షాప్ డివైన్‌లోని తన షేర్లను సంఘానికి ఇచ్చేయడంతో అది 45 శాతమైంది. 2020లో ఒక జర్మన్ చాక్లెట్ కంపెనీ మెజారిటీ వాటా తీసుకున్నాక 20 శాతానికి తగ్గింది. డివిడెండును నమ్ముకుని ఇల్లు నడవదు, రైతుకు ఈ ఏడాది అక్కరకొచ్చేది ప్రీమియమే. అయినా ఆ 20 శాతాన్ని ఎంత ధర వచ్చినా అమ్మవద్దనే చెబుతాను. గింజలు ఓడ ఎక్కాక వాటి మీద ఎవరికెంత మిగులుతోందో లెక్క అడగగలిగే చోటు రైతుకు అదొక్కటే.