పడమటి ముఖం దుకాణంలో ఎనిమిది ఎండాకాలాలు: వెలుతురు కోసం చేయించినవి ఎట్లా పనిచేశాయి

నల్లగొండలో చీర కొనే ఆడవాళ్ళు ట్యూబ్‌లైటు కింద కనిపించే రంగును నమ్మరు. పుట్టపాక చీర చేతికిస్తే చాలు, "అన్నా, జర వెలుగుల చూపెట్టు" అంటూ గడప దాకా పట్టుకుపోతారు. మా నాయిన ప్రకాశం బజార్లో నడిపిన పాత దుకాణంలోనూ ఇదే తంతు. అందుకే 2017 దసరాకు దేవరకొండ రోడ్డు మీద రెండంతస్తుల సొంత దుకాణం తెరిచేముందు నేను అడిగింది ఒక్కటే, పగటి వెలుతురు నిండుగా రావాలని. ప్లాను వేసినాయన పడమటి ముఖమంతా కింది నుంచి పై దాకా మామూలు అద్దం పెట్టించారు.

మొదటి ఎండాకాలానికే తెలిసొచ్చింది. మూడు దాటితే ముందు కౌంటరు దగ్గర ఎవరూ నిలబడలేరు. అద్దానికి చేయి ఆనదు. ఏసీలు ఆగకుండా తిరుగుతున్నా బేరానికి కూర్చున్నవాళ్ళు కొంగుతో విసురుకునేవారు. ఏప్రిల్ ఆఖరులో బొమ్మలకు కట్టిన పోచంపల్లి చీరలు విప్పి చూస్తే, ఎండ తగిలిన మడతలో మెరూన్ కాస్తా ఇటుక రంగుకు తిరిగింది. పదకొండు చీరలు పోయాయి. నేతగాళ్ళు నెలల తరబడి కష్టపడి తెచ్చిన రంగు అది. ఇప్పటికీ తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ముందు అద్దానికి నల్లటి ఫిల్ము వేయించాను. వేడి కొంత తగ్గింది, దాంతోపాటు వెలుతురూ పోయింది. పట్టపగలు లైట్లు వేసుకోవాల్సి వచ్చింది, తెల్లచీర బూడిదరంగులో కనిపించేది. రెండో ఏడు పై అంతస్తులో ఒక పలక అంచు నుంచి చీలింది. ముదురు ఫిల్ము ఎండను పీల్చుకుంటుంది కాబట్టి అద్దం నడిమి భాగం కాగిపోతుంది. ఫ్రేములో దాగిన అంచు చల్లగానే ఉంటుంది. ఆ తేడాకే పగులుతుంది. తరువాత లోపలివైపు చుట్టుకునే తెరలు కట్టించాను. కళ్ళకు హాయిగా ఉంది, ఒంటికి కాదు. ఎండ అద్దం దాటి తెర మీద పడ్డాక వేడిగా మారుతుంది, ఆ వేడిని అద్దం బయటికి పోనివ్వదు. ఈ రెంటికీ పెట్టిన డబ్బు దండగే అని నా అభిప్రాయం.

2020లో దుకాణం మూసి ఉన్న రోజుల్లో తీరిగ్గా ఎండను గమనించాను. ఏప్రిల్లో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు నేల నుంచి ముప్పై అయిదు డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అయిదింటికి ఇరవై చిల్లర. అంత వాలుగా వచ్చే ఎండను సజ్జ ఆపలేదు. దక్షిణం వైపు రెండడుగుల సజ్జ ఎండాకాలమంతా చక్కగా పనిచేస్తుంది, పడమటికి మాత్రం అద్దం ముందే నిలువుగా ఏదో ఒకటి అడ్డుండాలి. పై అంతస్తు అద్దానికి రెండడుగుల ఎడం ఇచ్చి కాల్చిన మట్టి జాలీలు, అంటే చిల్లులున్న పలకలు, పేర్పించాం. కింద జనం కంటికి సరుకు ఆనాలి కదా, అందుకని ఆరడుగుల వరండా దింపి, మూడింటికి కిందికి వదిలే వెదురు తెరలు కట్టాం. మారినట్టు తెలియడానికి ఒక్క వారం పట్టలేదు. అద్దం మీద ఇప్పుడు ఏప్రిల్లోనూ చేయి పెట్టగలం. రెండు ఏసీల్లో ఒకటి సాయంత్రం దాకా వేయడం లేదు.

జాలీలతో తిప్పలూ ఉన్నాయి. రోడ్డు దుమ్మంతా వాటిలోనే కూర్చుంటుంది, నెలకోసారి పైపుతో కడగాలి. పావురాలు గూళ్ళు పెట్టకుండా వెనక వల కట్టించాల్సి వచ్చింది. ముసురు పట్టిన రోజుల్లో పై అంతస్తులో లైట్లు తప్పవు.

నాకు బాగా నచ్చింది ఉత్తరం వెలుతురు. మా దుకాణం నలభై అయిదడుగుల లోతు. కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉంటే దానికి దాదాపు రెండింతల దూరమే వెలుతురు లోపలికి అందుతుంది, కాబట్టి మధ్యలో ఎప్పుడూ చీకటే. అక్కడ మెట్ల పైన కప్పుకు మొదట వెలుతురు దిగే పాలీకార్బొనేట్ (ప్లాస్టిక్) రేకు పరిచారు. పడుకోబెట్టిన రేకు మీద మే నెల సూర్యుడు నడినెత్తిన నిలబడితే కింద పెనం మీద ఉన్నట్టే. దాన్ని తీయించి, కప్పును నాలుగడుగులు లేపి, ఉత్తరం వైపు నిలువు అద్దాలు బిగించాం, ఫ్యాక్టరీ షెడ్లకు ఉన్నట్టు. ఎదురుగా ఏటవాలు కప్పుకు లోపల తెల్ల సున్నం. నేరుగా ఎండ రాదు, ఆకాశం వెలుగు మాత్రం మెత్తగా దిగుతుంది.

ఇక్కడొక మాట చెప్పాలి. మన నల్లగొండ పదిహేడో అక్షాంశం మీద ఉంది, కర్కాటక రేఖకు చాలా కిందికి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా నడిమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. ఉత్తరం కదా అని వదిలేస్తే ఆ మూడు నెలలూ ఎండ లోపలికి దూరుతుంది. మధ్యాహ్నానికి అడుగు సజ్జ సరిపోతుంది, పొద్దునా సాయంత్రం ఏటవాలుగా వచ్చేదానికి అద్దానికి రెండు పక్కలా అడుగు వెడల్పు నిలువు పలకలు కావాలి. మాకు మేస్త్రీ మొదట వేయలేదు, జూన్లో మెట్ల మీద ఎండ పట్టీ చూశాక వేయించాను.

ముందువైపు మూడు పలకలు తీసి ల్యామినేటెడ్ అద్దం పెట్టించాను, అంటే మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొరతో అతికించిన రెండు అద్దాలు. అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది. అయినా రంగు వెలిసేది వాటివల్ల ఒక్కటే కాదు, మామూలు వెలుగుకూ వెలుస్తుంది. అందుకే బొమ్మల చీరలు పదిహేను రోజులకోసారి మారుస్తూనే ఉన్నాం.

మొన్న పెళ్ళి బేరానికి దేవరకొండ నుంచి వచ్చిన పెద్దామె తేలియా రుమాలు చీర పట్టుకుని అలవాటుగా గడప వైపు కదిలింది. మా గుమాస్తా "అమ్మా, ఈడ నిలబడుండ్రి" అని మెట్ల కిందికి పిలిచాడు. పైకి చూసింది, చీర రెండువైపులా తిప్పి చూసింది. బయటికి వెళ్ళలేదు.