హ్యాట్రిక్ సమీక్ష: సీజన్ చివరి వారాలు, క్లబ్బు ఖజానా

1997లో స్వీడన్‌లో మొదలైన హ్యాట్రిక్, బ్రౌజర్‌లో ఆడే ఫుట్‌బాల్ మేనేజర్ ఆటలలో పాతకాపు. ఇందులో బంతిని తన్నే పని మనది కాదు. ఆటగాళ్లను కొనడం, అమ్మడం, వారికి శిక్షణ ఇప్పించడం, స్టేడియం కట్టించడం, వారం వారం జీతాలు చెల్లించడం మాత్రమే మన చేతిలో ఉంటాయి. ఏళ్ల తరబడి ఆడుతున్నవాడిగా ఈ ఆటలో నన్ను ఇప్పటికీ కట్టిపడేసే ఒక్క భాగం గురించే ఇక్కడ రాస్తున్నాను. అది సీజన్ చివర, పట్టికలోని స్థానానికీ ఖజానాలోని సొమ్ముకూ మధ్య జరిగే పెనుగులాట.

ఒక్కో లీగులో 8 జట్లు ఉంటాయి. ప్రతి జట్టూ 14 లీగు మ్యాచ్‌లు ఆడుతుంది, వాటిలో 7 సొంత మైదానంలో జరుగుతాయి. లీగు మ్యాచ్ టిక్కెట్ల వసూళ్లన్నీ ఆతిథ్య జట్టుకే చెందుతాయి కనుక క్లబ్బుకు గేటు సొమ్ము ప్రధానంగా ఆ ఏడు మ్యాచ్‌ల నుంచే రావాలి. అయితే సీజన్ నిడివి 16 వారాలు. 14వ రౌండు ముగిశాక ఒక వారం అర్హత మ్యాచ్‌లకూ, మరొక వారం విరామానికీ పోతుంది. ఆ రెండు వారాలలో లీగు వసూళ్లు ఉండవు, జీతాలు మాత్రం ఆగవు. చివరి రౌండు బయటి మైదానంలో పడితే ఆ కరవు మూడు వారాలకు పెరుగుతుంది. వారానికి 10,000 యూరోలు తీసుకునే తార ఒకడు జట్టులో ఉంటే, క్లబ్బుకు గేటు సొమ్ము రాని ఆ వారాలలోనే 20,000 నుంచి 30,000 దాకా పట్టుకుపోతాడన్నమాట. విదేశీ ఆటగాడికి జీతం 20 శాతం ఎక్కువ కాబట్టి ఆ భారం ఇంకా పెద్దది. (ఆట మన క్లబ్బు ఏ దేశానిదైతే ఆ దేశపు కరెన్సీలో లెక్క చూపుతుంది, పోల్చుకోవడానికి వీలుగా నేను యూరోలలోనే చెబుతున్నాను.)

పై డివిజన్లలో చివరి రెండు స్థానాలవారు నేరుగా కిందికి దిగుతారు, 5, 6 స్థానాలవారు కింది డివిజన్‌లోని లీగుల విజేతలతో అర్హత మ్యాచ్ ఆడి తమ చోటు నిలబెట్టుకోవాలి. లీగు గెలిచినంత మాత్రాన పైకి వెళ్లే హామీ కూడా లేదు. విజేతలలో మెరుగైనవారు మాత్రమే నేరుగా వెళ్తారు, మిగిలినవారు ఆ ఒక్క మ్యాచ్‌కు సిద్ధపడాలి. విజేతలలో మెరుగైనవారిని తేల్చడానికి పాయింట్లు, ఆ తరువాత గోల్స్ తేడా చూస్తారు కనుక, 12వ రౌండులో బలహీన జట్టుపై 2–0తో సరిపెట్టుకోవడానికీ 6–0తో గెలవడానికీ మధ్య తేడా చివరికి డబ్బు రూపంలో కనబడుతుంది.

అందరి చూపూ సీజన్ చివర వచ్చే బహుమతి సొమ్ము మీద ఉంటుంది గానీ, నా దృష్టిలో అది చిల్లర. అసలు లాభం వచ్చే సీజన్ ఏడు మ్యాచ్‌లలో ఉంది. గెలుపులతో అభిమానుల సంఖ్య, వారి ఉత్సాహం పెరుగుతాయి. టిక్కెట్లూ ప్రాయోజకుల సొమ్మూ వాటి వెంటే నడుస్తాయి. పైకప్పు కింది సీట్ల లెక్కే చూడండి. వెయ్యి సీట్లు కట్టడానికి సీటుకు 90 చొప్పున 90,000, పనికి అయ్యే స్థిర ఖర్చు 10,000, మొత్తం లక్ష యూరోలు. టిక్కెట్టు 19 యూరోలు. ఏడు మ్యాచ్‌లకూ నిండితే 1,33,000 వస్తుంది, నిర్వహణకు వారానికి వెయ్యి చొప్పున 16,000 పోతుంది. ఒక్క సీజన్‌లోనే పెట్టుబడి తిరిగివచ్చి, పైన 17,000 మిగులుతుంది. అయితే ఈ లెక్క అంతా "నిండితే" అన్న మాట మీద నిలబడి ఉంది. పైకి వెళ్లే జట్టుకు ఆ సీట్లు నిండుతాయి. దిగిపోయే జట్టుకు అవే సీట్లు ఖాళీగా ఉండి కూడా నిర్వహణ ఖర్చు అడుగుతాయి. అందుకే స్టేడియం పెంచే నిర్ణయాన్ని 14వ రౌండు ఫలితం తేలేదాకా ఆపడం మంచిది. ఎండకూ వానకూ అమ్ముడయ్యే టిక్కెట్లు మారుతాయి గనుక (వాన పడితే పైకప్పు కింది సీట్లకు గిరాకీ, నిలుచునే చోట్లకు నష్టం) ఒక్క మ్యాచ్ వసూలు చూసి తొందరపడకూడదు.

ఆటగాళ్ల అమ్మకం విషయంలో మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధంగా నడవాలి, ముందే కదలాలి. సీజన్ ముగిశాక జీతాల భారం దించుకోవాలని అందరూ ఒకేసారి సంతకు వస్తారు, ధరలు మెత్తబడతాయి. 11వ రౌండు నాటికి కిరీటం అందదనీ, దిగిపోయే భయం లేదనీ తేలితే, వయసు పైబడిన ఆటగాడిని అప్పుడే వేలానికి పెట్టేయాలి. ఈ ఆటలో ఏడాది అంటే 112 రోజులు. పుట్టినరోజున వయసు అంకె మారడమే కాక జీతం కూడా కొత్తగా నిర్ణయమవుతుంది. కాబట్టి ఆ తేదీకి ముందే అమ్మకం పూర్తయ్యేలా చూసుకోవాలి. వేలం సరిగ్గా మూడు రోజులు నడుస్తుంది, పెట్టాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. చివరి మూడు నిమిషాలలో ఎవరైనా పాట పెంచితే గడువు మరో మూడు నిమిషాలు జరుగుతుంది. కొనేవారిలో ఎక్కువమంది యూరప్‌వారు. వారి సాయంత్రం మనకు అర్ధరాత్రి. కనుక మంచి ధర కావాలంటే మన గడియారంలో పన్నెండు దాటాక ఆటగాడిని వేలంలో పెట్టాలి, మూడోనాడు అదే వేళకు పాట ముగుస్తుంది. ఇంట్లోవారికి ఈ సంగతి వివరించి ఒప్పించడం మాత్రం ఆట కంటే కష్టం.

అన్నిటికంటే ఖరీదైన స్థానం రెండోది. మొదటి స్థానం కోసం జీతాలు పెంచి, కొత్తవారిని కొని, చివరికి ఒక్క పాయింటు తేడాతో ఆగిపోయిన జట్టుకు ఖర్చు విజేతతో సమానం, రాబడి మాత్రం నాలుగో స్థానంవాడి కంటే కాస్త ఎక్కువ. అందువల్ల 10వ రౌండు దగ్గర నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను: మొదటి జట్టుతో ఇంకా ముఖాముఖి మ్యాచ్ మిగిలి ఉందా? ఉంటే, అది సొంత మైదానంలో అయితే, ఖర్చు పెడతాను. లేకపోతే నాలుగో స్థానానికి సరిపడా జట్టుతో నెట్టుకొచ్చి మిగిలిన సొమ్మును వచ్చే సీజన్‌కు దాస్తాను. కావాలని దిగిపోయి కింది డివిజన్‌లో డబ్బు కూడబెడదామనే ఆలోచన కూడా కొందరికి ఉంటుంది. ఓటములతో అభిమానులు తగ్గిపోయి, వారిని తిరిగి రప్పించుకోవడానికే కూడబెట్టినదంతా ఖర్చవుతుంది కనుక ఆ దారిని నేను సమర్థించను. అప్పు చేసి కిరీటం కోసం వెళ్లేవారు కూడా ఒక గీత గుర్తుంచుకోవాలి. అప్పు 5,00,000 యూరోలు దాటితే క్లబ్బు దివాలా అంచున నిలుస్తుంది.

ఆర్థిక పుటలో ఈ వారం, గత వారం పద్దులు పక్కపక్కనే స్పష్టంగా కనిపిస్తాయి, అది బాగుంది. రాబోయే ఖాళీ వారాల అంచనా మాత్రం మనమే వేసుకోవాలి కనుక, నేను విడిగా ఒక పట్టిక నడుపుతున్నాను. డబ్బు చెల్లించి సభ్యత్వం తీసుకున్నవారికి అదనపు గణాంకాలు, అలంకారాలు వస్తాయే తప్ప మైదానంలో బలం రాదు. ఉచితంగా ఆడేవారు కూడా సమానంగా పోటీ పడగలరు. రోజుకు పది నిమిషాలు చాలు. కానీ ఒక నిర్ణయం ఫలితం చూడడానికి నెలలు పడుతుంది కాబట్టి, వెంటనే గెలుపు కోరుకునేవారికి ఇది నచ్చదు. పద్దు పుస్తకం తిరగేయడం ఇష్టపడేవారు చేరవచ్చు, అయితే మొదటి సీజన్ చివరి రెండు వారాల జీతాలను పక్కన తీసిపెట్టుకున్నాకే కొత్త ఆటగాడిని కొనాలి.