మేనర్‌లో ఉండాలా, పట్నానికి పారిపోవాలా?

13వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో దొర ఎస్టేట్‌కు, అంటే మేనర్‌కు, కట్టుబడిన విలెయిన్ రైతు ముందున్న రెండు దారులివి.

ఖర్చు: ఊళ్లో ఉంటే వారానికి రెండు మూడు రోజులు దొర పొలంలో వెట్టి, కోతలప్పుడు ఇంకా ఎక్కువ. కూతురి పెళ్లికి రుసుము. ఇంటిపెద్ద పోతే మేలైన పశువు దొరకే. చావింటి నుంచి ఎద్దును తోలుకుపోవడం అన్నిటికంటే క్రూరం. పట్నంలో ఇవేవీ లేవు, కానీ రొట్టె కూడా కొనుక్కోవాలి.

ముప్పు: చార్టర్ (హక్కులిచ్చే పత్రం) ఉన్న చాలా పట్నాల్లో ఏడాది మీద ఒక రోజు నిలిస్తే స్వేచ్ఛ. ఈలోపు దొరికితే వెనక్కే.

పొలం, ముసలి తల్లిదండ్రులు ఉన్నవాడికి ఊరే నయం. భూమి దక్కని చిన్నకొడుక్కి, చేతిపని తెలిసినవాడికి పట్నం. 1348–49 ప్లేగు తర్వాతైతే, 1351 చట్టం కూలిరేట్లకు కళ్లెం వేసినా, కూలీల కరువు వల్ల వెళ్లేవాడి బేరమే బలపడింది.