నీళ్లలో నడిచే బండికి "స్టీరింగ్ కిట్" కొంటున్నారా? ముందు ఇది చదవండి

నేల మీదా నీళ్లలోనూ నడిచే ఆరు చక్రాల బండిని సొంతంగా కట్టుకోవాలని వీడియోలు చూస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు. నేనూ అలా చూసినవాణ్ణే. ఆ చూడ్డంలో దొరికిన ఒక "రెడీమేడ్ డ్రైవ్, స్టీరింగ్ కిట్"కి 92,000 రూపాయలు పోసి చేతులు కాల్చుకున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినాయన పేరు రాయను. పేరు రేపు మారొచ్చు, సరుకు మాత్రం అదే ఉంటుంది. సరుకుని గుర్తుపట్టండి చాలు.

మాది కోనసీమ. మా అరటితోట పాయ అవతల లంకలో ఉంది. వేసవిలో పాయలో నీళ్లు తగ్గితే నావ నేలకి ఆనేస్తుంది. ట్రాక్టర్ దింపితే ఒండ్రులో దిగబడుతుంది. గెలలు నెత్తిన పెట్టుకుని మోయించాల్సిందే. అందుకని పాత డీజిల్ ఆటో ఇంజన్ ఒకటి తీసుకుని, తొట్టిలాంటి బాడీ చేయించి, ఈ కిట్ తెప్పించాను.

కిట్‌లో వచ్చినవి: ఆటో డిఫరెన్షియల్ (ఇంజన్ తిరుగుడుని కుడి, ఎడమ చక్రాలకి పంచే గేర్ల పెట్టె) ఒకటి, దాన్నుంచి కుడికీ ఎడమకీ రెండు షాఫ్ట్‌లు, ఆరు ఇరుసులు, చెయిన్లు, స్ప్రాకెట్లు (చెయిన్ పట్టే పళ్ల చక్రాలు), బైక్ డిస్క్ బ్రేకులు రెండు, రెండు లివర్లు. షాఫ్ట్‌లు "ఈఎన్ 24 స్టీలు" అన్నాడు, అంటే మెలికకి తట్టుకునే గట్టి రకం ఉక్కు. డిఫరెన్షియల్ "ఓపెన్ చేసి అన్నీ కొత్తవి వేశాం" అన్నాడు. బిల్లు అడిగితే "పార్ట్ వచ్చాక పంపిస్తా అన్నా" అన్నాడు.

ఈ బళ్లకి చక్రాలు పక్కకి తిరగవు. దమ్ము చేసేటప్పుడు గట్టు దగ్గర ట్రాక్టర్‌ని ఎలా తిప్పుతాం? ఒకవైపు బ్రేకు తొక్కి పట్టుకుంటాం, రెండో చక్రం దాని చుట్టూ తిరుగుతుంది. ఇదీ అంతే. ఎడమ లివర్ లాగితే ఎడమవైపు మూడు చక్రాలు ఆగుతాయి, డిఫరెన్షియల్ ఆ తిరుగుడంతా కుడివైపుకి ఇస్తుంది. సూత్రంలో మోసం లేదు. కెనడాలో 1960ల నుంచీ ఇలా పక్కకి ఈడ్చుకుంటూ తిరిగే ఆరు చక్రాల బళ్లు చేస్తున్నారు.

చెరువులో దింపితే బండి బ్రహ్మాండంగా తేలింది. ఆ తేలడంలో కిట్ గొప్పేమీ లేదు. 22 అంగుళాల లావుపాటి టైర్లు ఆరూ మునిగితే అవే 300 కిలోల దాకా తేలుస్తాయి. ఒడ్డున బురదలో కూడా ఎటు లాగితే అటు తిరిగింది. అడ్వాన్స్ పోగా మిగతా డబ్బులు ఆ సాయంత్రమే పంపేశాను. తప్పంతా అక్కడే జరిగింది.

రెండో రోజు మా బాబాయి వాళ్ల సిమెంటు కళ్లం మీద తిప్పబోతే, ఎడమ లివర్ ఎంత లాగినా చక్రాలు ఆగడం లేదు, మెల్లగా పాకుతూనే ఉన్నాయి. ఫోన్ చేస్తే "గట్టిగా లాగాలన్నా, కొత్తలో టైటుగా ఉంటుంది" అన్నాడు. లివర్‌కి అడుగు పొడవు పైపు తొడిగాను. ఈసారి బ్రేకు పట్టింది. కుడి టైర్లు ఒక్కసారి వణికి, నల్లగా గీతలు గీసి, లోపల "టక్" మంది. అంతే, బండి నిలబడిపోయింది. ఇంజన్ మాత్రం హాయిగా తిరుగుతోంది.

లేత్ షాపుకి తీసుకెళ్లి విప్పాం. కుడి షాఫ్ట్ మీద కీ (షాఫ్ట్‌నీ స్ప్రాకెట్‌నీ కలిపి పట్టే చిన్న ఇనుప ముక్క) కూర్చునే గాడి తిన్నగా గీత గీసినట్టు ఉండాలి కదా. అది జంతిక తిప్పినట్టు మెలితిరిగి ఉంది, ఆ మెలిక చివర షాఫ్ట్ తెగిపోయింది. లేత్ మేస్త్రి మిగిలిన ముక్కని మెషీన్ మీద పెట్టి కొంచెం కోసి చూశారు. గ్రైండర్‌కి ఆనించి నిప్పురవ్వలు చూశారు. "ఇది ఈఎన్ 24 ఏంటండీ బాబూ, మామూలు మైల్డ్ స్టీలు. గేటుకి వేసుకునేది" అన్నారు. డిఫరెన్షియల్ నూనె ప్లాస్టిక్ డబ్బాలోకి వంపితే ఎండలో మెరుపులు కొట్టింది, అంతా ఇనుప పొడి. స్టార్ పినియన్లు (డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు) తిరిగే పిన్ను ఒకవైపు గోరు ఆనేంత అరిగి, వేడికి నీలం రంగు తిరిగి ఉంది. చెరువులో ఒక పూట, కళ్లం మీద పది నిమిషాలు తిప్పితే అంత అరగదు. కొత్తవి వేశామన్నది శుద్ధ అబద్ధం.

ఆ తర్వాత కూర్చుని లెక్క వేశాను. ముందే వేయాల్సింది. బండి, ఇద్దరు మనుషులు కలిపి 600 కిలోలు. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 1.2 మీటర్లు, ఎడమ చక్రాలకీ కుడి చక్రాలకీ మధ్య 1.1 మీటర్లు. నిలబడ్డ చోటే తిరగాలంటే మధ్య చక్రాల చుట్టూ ముందువీ వెనకవీ పక్కకి ఈడ్చుకుపోవాలి. ఎండిన సిమెంటు మీద రబ్బరు పట్టు 0.7 అనుకుంటే ఒక్కో వైపు 150 కిలోల తోపు కావాలి. మన టైరు సైజుకి అది సుమారు 420 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే షాఫ్ట్‌ని మెలితిప్పే బలం. 25 మి.మీ. మైల్డ్ స్టీల్ షాఫ్ట్ మెలిపడే హద్దు కూడా దాదాపు అక్కడే ఉంది. క్లచ్ వదిలినప్పుడు పడే జర్క్ దానికి అదనం. తెగక ఏం చేస్తుంది? షాఫ్ట్ 30 మి.మీ. చేస్తే బలం 1.7 రెట్లు అవుతుంది, అదీ అసలైన ఈఎన్ 24 అయితే ఇంకా నిశ్చింత.

నీళ్లలో, జారే బురదలో ఈ బరువు పడదు. ఆయన వీడియోల్లో బండి ఎప్పుడూ బురదలోనో చెరువులోనో ఎందుకు తిరుగుతుందో నాకు అప్పుడు వెలిగింది.

షాఫ్ట్ కంటే పెద్ద తప్పు స్ప్రాకెట్లలో ఉంది. షాఫ్ట్ మీద 18 పళ్లు, ఇరుసు మీదా 18 పళ్లే. అంటే చెయిన్ దగ్గర ఏమీ తగ్గింపు లేదు. ఆటో టైరు సుమారు 16 అంగుళాలు, మనది 22. అదే డిఫరెన్షియల్‌కి పెద్ద టైరు వేస్తే బండి ఆటో కంటే స్పీడు పోతుంది. వీడియోకి బాగుంటుంది, మనకి దేనికి? షాఫ్ట్ మీద 12, ఇరుసు మీద 36 వేస్తే షాఫ్ట్, డిఫరెన్షియల్, బ్రేకు మూడింటి మీదా బరువు మూడో వంతుకి పడిపోతుంది, చెయిన్ మీద లాగుడూ తగ్గుతుంది. ఒక్క షరతు: బ్రేకు డిస్క్ ఇరుసు మీద కాదు, డిఫరెన్షియల్ పక్కన షాఫ్ట్ మీద ఉండాలి. వీళ్లు ఇరుసు మీద పెట్టారు. బైక్ బ్రేకు అక్కడ ఎందుకు ఆపలేకపోయిందో ఇప్పుడు అర్థమైంది కదా.

బ్రేకు ఎక్కడుందన్నది ప్రాణం మీదకి కూడా వస్తుంది. మామూలు డిఫరెన్షియల్‌లో ఒకవైపు షాఫ్ట్ తెగితే తిరుగుడంతా ఆ తెగిన ముక్కకే పోతుంది, రెండో వైపుకి కూడా బలం అందదు. బ్రేకు డిఫరెన్షియల్ పక్కన ఉంటే తెగిన వైపు లివర్ పట్టుకుని, రెండో వైపు చక్రాలతో గుండ్రంగా తిరుగుతూనైనా ఒడ్డుకి రావచ్చు. ఇరుసు మీద ఉంటే ఆ దారి కూడా లేదు. నాకిది కళ్లం మీద జరిగింది కాబట్టి సరిపోయింది. పాయ మధ్యలో అయ్యుంటే అన్న ఆలోచనకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఎంత మంచి బండైనా టైర్ల గాట్లతో నీళ్లు తోసుకుంటూ వెళ్లేది గంటకి నాలుగైదు కిలోమీటర్లే. వరద గోదారిలో దించే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. మామూలు రోజుల్లో కూడా లైఫ్ జాకెట్, ఒక తెడ్డు బండిలో ఉండాల్సిందే.

పవర్ టిల్లర్ గేర్‌బాక్స్ వాడమని బాబాయి అంటున్నారు. మంచి మాటే, దాంట్లో స్టీరింగ్ క్లచ్‌లు (నొక్కిన వైపు చక్రానికి బలం ఆపేవి) ముందే ఉంటాయి. కానీ టిల్లర్ నడిపినవాళ్లకి తెలుసు, పల్లంలోకి దిగేటప్పుడు ఎడమ క్లచ్ నొక్కితే బండి కుడికి పోతుంది. ఏటిగట్టు దిగేటప్పుడు ఆ తికమక నాకు వద్దు. డిఫరెన్షియల్‌కే కొత్త స్టార్ పినియన్ సెట్ వేయించి, 30 మి.మీ. షాఫ్ట్‌లు, 12-36 స్ప్రాకెట్లు వేయిస్తున్నాను. మధ్య ఇరుసు అర అంగుళం కిందకి దించమని మేస్త్రి సలహా ఇచ్చారు. గట్టి నేల మీద చివరి చక్రాల మీద బరువు తగ్గి తేలిగ్గా తిరుగుతుందట. అదీ చేస్తున్నాం.

డబ్బుల సంగతి. "స్క్రాప్ పార్ట్‌కి రిటర్న్ ఉండదు" అని ఒక మెసేజ్ పెట్టి నా నంబర్ బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు లేదు గానీ యూపీఐ చెల్లింపులు, "ఈఎన్ 24" అని ఆయన రాసిన మెసేజ్, ట్రాన్స్‌పోర్ట్ రసీదు ఉన్నాయి. మీరూ ఫోన్లో మాట్లాడిన ప్రతిదాన్నీ మెసేజ్‌గా రాయించుకోండి. తెగిన ముక్కలు పారేయకండి.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, మిగతాది పంపేముందు వీడియో కాల్ చేయండి. ఇద్దరు మనుషుల్ని ఎక్కించి, ఎండిన సిమెంటు నేల మీద, నిలబడ్డ చోటే ఎడమకి పదిసార్లు, కుడికి పదిసార్లు తిప్పమనండి. తర్వాత డిఫరెన్షియల్ నూనె తెల్ల గిన్నెలోకి వంపి చూపించమనండి. కుదరదంటే మిగతా డబ్బు పంపకండి.